బియ్యం బస్తాకి వీసా ఎందుకు? టెక్సాస్‌లోని మన తెలుగు వ్యాపారులకు ఒక కస్టమర్ బహిరంగ లేఖ

డాలస్ చుట్టుపక్కల ఇండియన్ స్టోర్లు, రెస్టారెంట్లు, ట్యూషన్ సెంటర్లు, పండగ మేళాలు నడిపే తెలుగువారికి, వాటికి డబ్బు పెట్టే స్పాన్సర్లకు,

నమస్కారం. పదకొండేళ్లుగా మీ దగ్గరే సరుకులు కొంటున్నాను. ఇక్కడ గోంగూర, ములక్కాడలు, సంక్రాంతికి చెరుకుగడలు దొరుకుతున్నాయంటే మీ వల్లే. ఆ కృతజ్ఞత నాకుంది. ఇదే విషయం ముందు మీలో ఒకరికి విడిగా రాశాను. నాలుగు నెలలు చూసినా సరైన జవాబు రాలేదు కాబట్టి ఇప్పుడు అందరికీ రాస్తున్నాను. ఆ కొట్టు పేరు మాత్రం చెప్పను. అదే పద్ధతి ఆ తర్వాత ఇంకో మూడు చోట్ల చూశాను. ఒక్కరినే వేలెత్తి చూపడం న్యాయం కాదు.

జరిగింది ఇది. ఉగాదికి ముందు శనివారం మా అమ్మని తీసుకుని సరుకులకు వెళ్లాను. అమ్మ తెనాలి నుంచి వచ్చి అప్పటికి రెండు వారాలు. బిల్లింగ్ కౌంటర్ పక్కన రంగు కాగితం అంటించిన అట్టపెట్టె, దాని పైన స్లిప్పు పట్టేంత చీలిక. ఉగాది లక్కీ డ్రా, మొదటి బహుమతి బంగారు నాణెం, ఇరవై మందికి సోనా మసూరి బస్తా. పక్కనే స్లిప్పుల కట్ట, దారంతో కట్టేసిన పెన్ను. నేను రాస్తుంటే అమ్మ నా భుజం మీదుగా చదువుతోంది. పేరు, ఫోన్, ఈమెయిల్, జిప్ కోడ్ దాకా బాగానే ఉంది. ఆ తర్వాత ఇల్లు సొంతమా అద్దెనా, పిల్లలు ఎంతమంది, ఏ గ్రేడ్, ఇంటి ఆదాయం ఎంత, వీసా స్టేటస్ ఏమిటి. వీసా దగ్గర నాలుగు గళ్లు: హెచ్-1బి, ఎల్-1, గ్రీన్ కార్డ్, సిటిజన్.

"బియ్యం బస్తాకి వీసా ఎందుకే?" అంది అమ్మ.

నవ్వేసి హెచ్-1బి దగ్గర టిక్ పెట్టాను. వెనక లైన్లో నలుగురున్నారు, మా బాబు ఐస్‌క్రీం కరిగిపోతోందని గొడవ చేస్తున్నాడు. స్లిప్పు పెట్టెలో వేసేటప్పుడు వెనక్కి తిప్పి చూశాను. ముగ్గురు స్పాన్సర్ల లోగోలు ఉన్నాయి. ఈ వివరాలు ఎవరికి వెళ్తాయో చిన్న అక్షరాల్లో కూడా ఎక్కడా లేదు.

మంగళవారం మొదటి కాల్. "అక్కా, మీ పాప ఎయిత్ గ్రేడ్ కదా, కాలేజ్ ప్లానింగ్ మొదలుపెట్టారా?" అని ఒక ఇన్సూరెన్స్ ఏజెంట్. గురువారం హైదరాబాద్ శివార్లలో ఒక వెంచర్ వాళ్లు, ప్లాట్ల గురించి. పై వారం ఇంకొకాయన నేరుగా పాయింట్‌కే వచ్చాడు: "హెచ్-1బి మీద ఎన్నేళ్లని క్యూలో ఉంటారు మేడమ్? ఈబీ-5 చూడండి." ఈబీ-5 అంటే పెట్టుబడి పెట్టి గ్రీన్ కార్డ్ తెచ్చుకునే దారి. దానికి తక్కువలో తక్కువ 8,00,000 డాలర్ల పెట్టుబడి కావాలి. అంత డబ్బుంటే బియ్యం బస్తా కోసం స్లిప్పు రాసేదాన్నా?

మీ స్లిప్పే అని ఎలా తెలుసంటారా? నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఈమెయిల్ ఇచ్చిన చోటల్లా నా పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి ఆ కొట్టు పేరు తగిలిస్తాను. మెయిల్ నాకే వస్తుంది, కానీ ఏ దారిన వచ్చిందో తెలిసిపోతుంది. వెంచర్ వాళ్ల బ్రోచర్ సరిగ్గా ఆ అడ్రస్‌కే వచ్చింది. ఆ అడ్రస్ ఈ లోకంలో ఆ ఒక్క స్లిప్పు మీదే ఉంది.

కౌంటర్ దగ్గర అడిగితే మేనేజర్ లేరన్నారు. రెండోసారి వెళ్తే మళ్లీ లేరు. కొట్టు వెబ్‌సైట్లో ప్రైవసీ పాలసీ వెతికి చదివాను. ఎక్కడినుంచో తెచ్చి అంటించింది. మొదటి లైన్లోనే 'కంపెనీ పేరు ఇక్కడ రాయండి' అనే బ్రాకెట్ అలాగే ఉంది. ఉన్న కొట్టు టెక్సాస్‌లో, లోపల రాసిందంతా కాలిఫోర్నియా చట్టం గురించి. అందులో ఇచ్చిన ఈమెయిల్‌కి రాస్తే తిరిగొచ్చింది. ఫేస్‌బుక్ పేజీలో ఉన్న అడ్రస్‌కి రెండుసార్లు రాశాను: నా వివరాలు ఎవరికిచ్చారో చెప్పండి, తీసేయండి అని. చివరికి వాట్సాప్‌లో ఒక్క లైన్ వచ్చింది. "మేడమ్, మాది స్మాల్ బిజినెస్, ఆ చట్టం మాకు వర్తించదు."

ఈ లేఖ రాయించింది ఆ ఒక్క లైనే. అది సగమే నిజం.

వాళ్లు చెప్పే ఆ చట్టం టెక్సాస్ డేటా ప్రైవసీ అండ్ సెక్యూరిటీ యాక్ట్. కస్టమర్ల వ్యక్తిగత వివరాలతో వ్యాపారులు ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో చెప్పేది అదే. 2023లో వచ్చింది, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. అమెరికాలో ఈ విషయం మీద దేశమంతటికీ వర్తించే ఒకే చట్టం లేదు. 2018లో కాలిఫోర్నియా మొదలుపెడితే, వర్జీనియా, కొలరాడో, కనెక్టికట్, యూటా అంటూ ఒక్కో రాష్ట్రం తనకు తోచినట్టు రాసుకుంటూ వచ్చింది. చాలా రాష్ట్రాలు ఒక అంకె పెట్టాయి. ఉదాహరణకి వర్జీనియాలో ఏడాదికి 1,00,000 మంది వివరాలు చేతిలో ఉంటే చట్టం కిందికి వస్తారు. టెక్సాస్ అలాంటి అంకె పెట్టలేదు. ఫెడరల్ ప్రభుత్వ స్మాల్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ లెక్క ప్రకారం మీరు చిన్న వ్యాపారమైతే మినహాయింపు, కాకపోతే లేదు. ఆ లెక్క ఒక్కో రంగానికి ఒక్కోలా ఉంటుంది. ఒకే కొట్టుతో మొదలై ఇవాళ ఏడెనిమిది బ్రాంచీలున్నవాళ్లు, ఇంకా చిన్నవాళ్లమే అనుకునే ముందు ఒకసారి చూసుకోవడం మంచిది.

సరే, మీరు నిజంగా చిన్న వ్యాపారమే అనుకుందాం. అప్పుడు కూడా చట్టం మిమ్మల్ని ఒక్క విషయంలో వదల్లేదు. సున్నితమైన వివరాలను కస్టమర్ ముందస్తు అనుమతి లేకుండా చిన్న వ్యాపారం కూడా అమ్మకూడదు. ఏవి సున్నితమైనవో చట్టమే చెప్పింది: జాతి, మత విశ్వాసం, ఆరోగ్య సమస్యలు, వేలిముద్రల్లాంటి బయోమెట్రిక్స్, 13 ఏళ్ల లోపు పిల్లల సమాచారం, మనిషి ఎక్కడున్నాడో 1,750 అడుగుల లోపు తేల్చే లొకేషన్ లాంటివి. ఆ జాబితాలోనే స్పష్టంగా ఉంది, పౌరసత్వం లేదా ఇమ్మిగ్రేషన్ స్థితి అని. అంటే మీ స్లిప్పు మీది ఆ నాలుగు గళ్లు.

"మేం అమ్మలేదు, స్పాన్సర్లకి ఇచ్చాం అంతే" అంటారేమో. ఈ చట్టంలో అమ్మకం అంటే డబ్బు పుచ్చుకోవడం ఒక్కటే కాదు. విలువైనది ఏది తీసుకుని బదులుగా వివరాలు ఇచ్చినా అమ్మకమే. స్పాన్సర్ బంగారు నాణెం కొనిపెట్టాడు, మీరు స్లిప్పుల పెట్టె ఇచ్చారు. దీన్ని ఇంకేమంటారో మీరే చెప్పండి. కాలిఫోర్నియాలో 2022లో సెఫోరా అనే మేకప్ సామాన్ల కంపెనీ కూడా మేం అమ్మట్లేదనే అంది. వెబ్‌సైట్‌కి వచ్చినవాళ్ల సమాచారం వేరే కంపెనీలకు ఇచ్చి బదులుగా ప్రకటనల సేవలు పొందడం అమ్మకమేనని అక్కడి అటార్నీ జనరల్, అంటే రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి, తేల్చారు. సెఫోరా 12 లక్షల డాలర్లు కట్టి సెటిల్ చేసుకుంది.

ఇది మామూలు మనుషుల మీద ఎలా పడుతుందో మీకు తెలియాలి. మీకు అది ఒక ఎక్సెల్ షీట్, అంతే. అవతలివైపు నుంచి చూస్తే ఇలా ఉంటుంది.

1. వీసా మీద ఉన్నవాళ్లకి ఫోన్ అంటేనే భయం పట్టుకుంది. హెచ్-1బి ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్లమని చెప్పి, మీ పేపర్లలో తప్పుంది, వెంటనే గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పండి అని బెదిరించే మోసం ఏళ్లుగా నడుస్తోంది. అలాంటివాడి దగ్గర పేరు, ఫోన్ నంబర్ మాత్రమే ఉంటే కట్ చేసేస్తాం. పేరు, వీసా రకం, ఇల్లున్న జిప్ కోడ్, పిల్లల గ్రేడ్ అన్నీ చెబితే? ఎంత చదువుకున్నవాళ్లకైనా ఒక్క నిమిషం గుండె ఆగుతుంది. మోసగాళ్లకి మీరే ఇచ్చారని అనడం లేదు. కానీ స్పాన్సర్ దగ్గరికి వెళ్లిన షీట్ అక్కడే ఆగుతుందని మీరు హామీ ఇవ్వగలరా? అతని ఏజెంటు, ఆ ఏజెంటు మానేశాక పట్టుకుపోయిన లాప్‌టాప్... నేను అక్కడిదాకా ఆలోచించి వదిలేశాను, నిద్ర పట్టదు.

2. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లు. మేం ఆఫీసు మీటింగుల్లో ఉంటే ఇంట్లో ఫోన్ ఎత్తేది వాళ్లే. తెలుగులో "అమ్మా, బాగున్నారా" అని పలకరిస్తే మన ఊరివాళ్లే అనుకుని అన్నీ చెప్పేస్తారు. మా అమ్మ ఇన్సూరెన్స్ ఏజెంటుతో పావుగంట మాట్లాడి, అల్లుడు ఏ కంపెనీలో చేస్తాడో కూడా చెప్పింది. తప్పు ఆమెది కాదు.

3. పిల్లలు. మా పాపకి 13 నిండాయి కాబట్టి చట్టం చెప్పే పసిపిల్లల లెక్కలోకి రాదు. బాబుకి తొమ్మిది. వాడి గ్రేడ్ కూడా అదే స్లిప్పు మీద ఉంది. ట్యూషన్ సెంటర్లవాళ్లు ఇది గట్టిగా పట్టించుకోవాలి. డెమో క్లాసు కోసం ఇచ్చిన పిల్లాడి మార్కులు, స్కూలు పేరు, ఫోటో ఇంకెక్కడైనా తేలితే ఆ తల్లిదండ్రులకి మీరేం చెప్తారు?

4. ఇంట్లో హింస భరించలేక బయటికొచ్చి, నంబర్ మార్చుకుని వేరే జిప్ కోడ్‌లో ఉంటున్న ఆడవాళ్లు మన మధ్యే ఉన్నారు. వాళ్లూ మీ దగ్గరే కందిపప్పు కొంటారు. మన కమ్యూనిటీలో ఒక షీటు నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో పడితే అది ఎవరి చేతికి చేరుతుందో నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

5. ఇక మీ సంగతి. నేనిప్పుడు బిల్లింగ్ దగ్గర ఫోన్ నంబర్ అడిగితే అన్నీ తొమ్మిదులు చెప్తున్నాను. నా ఫ్రెండ్స్‌లో సగం మంది అదే చేస్తున్నారు. మీ లిస్టు రేపు ఎందుకు పనికొస్తుందో ఆలోచించుకోండి.

ఎన్ఫోర్స్‌మెంట్ ఎవరు చేస్తారు, మనదాకా వస్తారా అనే ధీమా కూడా చాలామందిలో చూశాను. టెక్సాస్ చట్టం కింద నేను మీ మీద నేరుగా కేసు వేయలేను, నిజమే. ఆ అధికారం రాష్ట్ర అటార్నీ జనరల్‌కే ఉంది. ఆయన నోటీసు ఇచ్చాక సరిదిద్దుకోవడానికి మీకు 30 రోజులుంటాయి. సరిదిద్దుకోకపోతే ఒక్కో ఉల్లంఘనకి 7,500 డాలర్ల దాకా జరిమానా. ఒక్కో స్లిప్పుని ఒక్కో ఉల్లంఘనగా లెక్కిస్తే నూరు స్లిప్పులకి ఎంతవుతుందో వేసుకోండి. ఈ చట్టం కింద మొదటి దావా 2025 జనవరిలోనే పడింది. ఆల్‌స్టేట్ ఇన్సూరెన్స్, దాని అనుబంధ కంపెనీ ఆరిటీ కలిసి ఫోన్ యాప్‌ల ద్వారా 4.5 కోట్ల మందికి పైగా అమెరికన్ల ప్రయాణాల డేటా రహస్యంగా సేకరించాయని అందులో ఆరోపణ. పెద్ద చేపల్నే పడతారంటారా? ముందు పెద్దవే వలలో పడతాయి, సరే. చిన్నవాటికి వల రాదని ఎవరూ రాసివ్వలేదు.

స్పాన్సర్లకి ఇంకో మాట. అమ్మకాల కాల్స్ వద్దనుకునేవాళ్లు నంబర్ నమోదు చేసుకునే ఫెడరల్ డు నాట్ కాల్ లిస్టులో మా నంబర్ ఉంటే, అనుమతి లేకుండా ఏడాదిలో ఒకటికి మించి అమ్మకాల కాల్స్ చేసినందుకు మేమే కోర్టుకి వెళ్లొచ్చు. ఒక్కో కాల్‌కి 500 డాలర్ల వరకు, తెలిసి చేసినట్టు తేలితే 1,500 దాకా. నా నంబర్ ఆ లిస్టులోనే ఉంది. కాల్స్ తేదీలన్నీ రాసిపెట్టుకున్నాను.

"మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్లే చూసుకుంటారు" అనే మాట ఒక రెస్టారెంట్ ఓనర్ గారి దగ్గర విన్నాను. 2025 మే నెలలో కాలిఫోర్నియాలో టాడ్ స్నైడర్ అనే బట్టల కంపెనీకి 3,45,178 డాలర్ల జరిమానా పడింది. వాళ్ల వెబ్‌సైట్లో, నా డేటా అమ్మొద్దని చెప్పే ఏర్పాటు 40 రోజులు పనిచేయలేదు. బయటి కంపెనీకి అప్పగించాం కదా అంటే కుదరదని, బాధ్యత మీదేనని అక్కడి ప్రైవసీ ఏజెన్సీ తేల్చి చెప్పింది.

మేళాలు పెట్టే సంఘాలవాళ్లకి, గుడి కమిటీలకి: లాభాపేక్ష లేని సంస్థలకి టెక్సాస్‌లో మినహాయింపు ఉంది. న్యూజెర్సీలో 2025 జనవరి 15 నుంచి అమలవుతున్న చట్టం ఆ మినహాయింపు ఇవ్వలేదు. అక్కడి మామూలు పరిమితి లక్ష మంది కాబట్టి చిన్న సంఘాలు చాలావరకు తప్పించుకుంటాయి. కానీ అన్ని రాష్ట్రాల్లోనూ చాప్టర్లు పెట్టి ఒకే మెంబర్‌షిప్ డేటాబేస్ నడిపేవాళ్లు లాయర్‌ని అడగాల్సిన టైం ఇది.

ఖర్చు గురించి కూడా నాకు తెలుసు. లాయర్ గంటకి ఎంత తీసుకుంటాడో, కొట్టులో లాభం ఎంత పల్చగా ఉంటుందో తెలియని మనిషిని కాదు. అందుకే కింద నేను అడిగేవాటిలో చాలావరకు పైసా ఖర్చు లేనివి. ఒకటి రెండు మాత్రం ఉన్నాయి, అవి తప్పవు.

1. లక్కీ డ్రా స్లిప్పు మీద పేరు, ఫోన్ నంబర్ చాలు. వీసా, ఆదాయం, పిల్లల గ్రేడ్, సొంత ఇల్లా అనేవి ఈ దసరా నుంచే తీసేయండి. అవసరానికి మించి సేకరించొద్దనేది చట్టంలో ఉన్నమాటే.

2. వివరాలు స్పాన్సర్‌కి ఇస్తారా? అయితే స్లిప్పు ముందువైపే, స్పాన్సర్ పేరుతో సహా రాయండి. ఒప్పుకునేవాళ్లు టిక్ పెట్టడానికి విడిగా గడి పెట్టండి. టిక్ పెట్టనివాళ్ల స్లిప్పు కూడా డ్రాలో ఉండాలి.

3. ఉగాది స్లిప్పుల సంగతి తేల్చండి. కాగితాలు చించేయండి, ఎక్సెల్ షీట్ తీసేయండి, ఎవరెవరికి పంపారో వాళ్లందరికీ తీసేయమని రాతపూర్వకంగా చెప్పండి. ఆ ఉత్తరం కాపీ అడిగినవాళ్లకి ఇవ్వండి.

4. కౌంటర్ దగ్గర ఒక పేరు, పనిచేసే ఒక ఈమెయిల్ పెట్టండి. నా వివరాలు చూపించమన్నా, దిద్దమన్నా, తీసేయమన్నా 45 రోజుల్లో జవాబివ్వాలని చట్టం చెప్తోంది. అవసరమైతే కారణం చెప్పి ఇంకో 45 రోజులు తీసుకోవచ్చు. ఏడాదిలో రెండుసార్లు ఉచితంగా చేయాలి. కుదరదంటే ఎందుకో చెప్పాలి, అప్పీలుకి దారి చూపాలి. మీకు మినహాయింపు ఉన్నా సరే, ఈ పద్ధతే పాటించమని కస్టమర్‌గా అడుగుతున్నాను. "మేనేజర్ లేరు" అనేది జవాబు కాదు.

5. అంటించిన పాలసీ తీసి పారేసి, మీరు నిజంగా చేసేదే ఒక్క పేజీలో రాయండి. ఇంగ్లీషుతో పాటు తెలుగులో కూడా. మా అమ్మలాంటివాళ్లు చదువుతారు, ప్రశ్నలు కూడా అడుగుతారు.

6. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, పాయింట్ల యాప్ కంపెనీలతో రాతపూర్వక ఒప్పందం చేసుకోండి. మీ కస్టమర్ల డేటాతో వాళ్లేం చేయొచ్చో, ఏం చేయకూడదో, మానేసినప్పుడు ఎలా తుడిచేయాలో అందులో ఉండాలి. ఖర్చయ్యేది ఇక్కడే.

7. పాయింట్ల కోసం ఫోన్ నంబర్‌ని లైన్లో అందరికీ వినపడేలా చెప్పించకండి. కీప్యాడ్ ఉంది కదా, మమ్మల్నే నొక్కనివ్వండి.

మా అమ్మ మొన్న ఒక మాటంది. తెనాలిలో మా కిరాణా కొట్టాయన అరువు పుస్తకంలో ఊరందరి లెక్కలూ ఉండేవట. ఎవరికెంత బాకీ ఉందో పక్కింటివాళ్లు అడిగినా పుస్తకం మూసేసి, వేరే మాట ఎత్తేవాడట. ఆయన కొట్టు మీ కొట్టులో పదో వంతు ఉండదు.

నాకు రావాల్సిన జవాబు కోసం ఈ లేఖ తేదీ నుంచి 30 రోజులు ఆగుతాను. రాకపోతే అటార్నీ జనరల్ వెబ్‌సైట్లో ఫిర్యాదు పెడతాను. స్లిప్పు ఫోటో, ప్లస్ గుర్తున్న ఈమెయిల్, కాల్స్ లిస్టు అన్నీ ఒక ఫోల్డర్లో సిద్ధంగా ఉన్నాయి. ఇలాంటి స్లిప్పులు రాసినవాళ్లు ఇంకెవరైనా ఉంటే మీరూ తేదీలు రాసిపెట్టుకోండి, రశీదులు పారేయకండి.

అమ్మ వచ్చే నెల తెనాలి వెళ్లిపోతోంది. బియ్యం బస్తా మాకు తగల్లేదు. అసలు డ్రా తీశారో లేదో, తీస్తే ఎవరికి తగిలిందో మీ కొట్టులోగానీ, పేజీలోగానీ ఎక్కడా పెట్టలేదు. వీలైతే అది కూడా చెప్పండి, రోజూ అడుగుతోంది.

ఇట్లు,
ఫ్రిస్కోలో ఉండే మీ కస్టమర్